మోకాలు బరువెట్లా మోస్తుంది: అనంతపురంలో ఒక ఫిజియోథెరపిస్టు ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసదాకా వినిపిస్తోందా? సరే. ముందు కూర్చున్నచోటే ఒక పని చేయండి. కుడికాలు ముందుకు చాపి, మడమ నేలకు ఆనించి, తొడను పూర్తిగా వదులుగా పెట్టండి. ఇప్పుడు రెండు వేళ్ళతో మోకాలి చిప్పను పట్టుకుని అటూ ఇటూ జరపండి. చీర మీద నుంచే పట్టుకోవచ్చమ్మా, ఏం పర్లేదు. జరుగుతోంది కదా? ఇప్పుడు తొడ కండరాన్ని గట్టిగా బిగించండి. చిప్ప పైకి పోయి అక్కడే ఆగిపోయింది, ఇంక ఎంత తోసినా కదలదు. ఈరోజు నేను చెప్పేదాంట్లో సగం ఇదే. మోకాలిని పట్టి నిలబెట్టేది ఎక్కువగా కండరమూ, ఎముకను ఎముకకు కట్టిపట్టే పట్టీ అయిన లిగమెంటూ, ఎముక వాటా అందులో తక్కువ.

నేను ఫిజియోథెరపిస్టును. ఆపరేషన్ చేయాలా వద్దా అని తేల్చేది సర్జన్లు, అది నా పని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది కూర్చోకముందే ఎక్స్‌రే కవరు టేబుల్ మీద పెట్టి "మేడం, గుజ్జు అరిగిపోయిందంట, నడవొద్దన్నారు" అంటారు. ఎవరన్నారమ్మా అంటే పక్కింటావిడ. ఆ మాటతో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పొద్దున్నే పోయే నడక మానేస్తారు, మేడ మెట్లు మానేస్తారు, ఇంట్లో కుర్చీకే అతుక్కుంటారు. ఏడాదికి తొడ సన్నబడుతుంది, బరువు పెరుగుతుంది, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. తిరిగితే అరిగిపోతుందనే భయం వల్ల నడక మానేసి మోకాలు పాడుచేసుకున్నవాళ్ళనే నేను ఎక్కువగా చూస్తున్నాను. ఆ భయం పోవాలంటే లోపల ఏముందో తెలియాలి, అందుకే ఈ బొమ్మలన్నీ.

తుంటి దగ్గర చూడండి, తొడ ఎముక తల గుండ్రంగా ఉండి లోతైన గుంతలో కూర్చుంటుంది, అంత సులభంగా జారదు. మోకాలి దగ్గర ఆ గుంత లేదు. తొడ ఎముక కింది కొసలో రెండు గుండ్రటి ఉబ్బులున్నాయి, వాటి కింద టిబియా అనే కాలి ఎముక పైభాగం దాదాపు చదునుగా ఉంది. లోపలివైపు కొంచెం గుంతగా ఉంటుందనుకోండి, బయటివైపు అయితే అదీ లేదు, పైగా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. గుండ్రటిదాని కింద ఉబ్బెత్తుది! శరీరంలో అన్నిటికన్నా పొడవైన ఎముకనూ, దాని తర్వాత పొడవైన ఎముకనూ తెచ్చి ఇట్లాంటి చోట కలిపి, పైన మనిషి బరువంతా పెట్టారు. కాలికి బయటిపక్క సన్నగా ఉండే ఫిబులా అనే ఎముక ఈ కీలులో లేనే లేదు, అది కొంచెం కిందనే ఆగిపోతుంది.

మోకాలు తలుపులాగా ఒకే ఇరుసు మీద ముడుచుకుంటుందని చాలామంది అనుకుంటారు. 1836లో జర్మనీ గొట్టింగెన్‌లో వెబర్ అనే అన్నదమ్ములు మనిషి నడక మీద పుస్తకం వేశారు, అందులో మోకాలు ముడిచేటప్పుడు తొడ ఎముక కొంత దొర్లుతుందనీ, కొంత జారుతుందనీ చెప్పారు. ఆలోచిస్తే రెండూ ఉండాల్సిందే. గుండ్రటి ఉబ్బు చుట్టుకొలత కింద పళ్ళెంలాగా ఉన్న టిబియా పైభాగం పొడవు కన్నా ఎక్కువ, ఊరికే దొర్లుకుంటూ పోతే సగం ముడిచేలోపే వెనక అంచు దాటి కింద పడిపోతుంది. దొర్లే ఎముకను ఎప్పటికప్పుడు ముందుకు జార్చి పళ్ళెం మీదనే ఉంచే పనిలో, కీలు మధ్యలో ఒకదాన్నొకటి అడ్డంగా దాటే రెండు లిగమెంట్లకు పెద్ద పాత్ర ఉంది. వాటి పేర్లు ఏసీఎల్, పీసీఎల్. క్రికెట్, కబడ్డీ చూసే పిల్లలకు మొదటిది బాగా తెలుసు. రెండోది మందమైంది, దాని గొడవ తక్కువ.

ఇంకో పరీక్ష. కుర్చీలో కూర్చుని మోకాలు ముడిచి, చేత్తో పిక్క దగ్గర పట్టుకుని, పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి. ఎముక తిరుగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. ఇప్పుడు కాలు పూర్తిగా చాపి తిప్పండి. పాదం తిరుగుతుంది, అయితే తొడతో సహా తుంటి దగ్గర్నుంచి తిరుగుతోంది, మోకాలి దగ్గర ఏమీ లేదు. కాలు చాచేటప్పుడు చివరి 20 డిగ్రీల దగ్గర టిబియా కొంచెం బయటికి మెలిక తిరిగి బిగుసుకుంటుంది. లోపలి ఉబ్బు బయటి ఉబ్బు కన్నా పొడవు, అందువల్ల ఒక పక్క ముందే ఆగిపోయినా రెండో పక్క ఇంకా కదులుతుంది, మెలిక అక్కడ పుడుతుంది. మళ్ళీ ముడవాలంటే ఆ మెలిక విడిపించాలి, దానికి మోకాలి వెనక పాప్లిటియస్ అని ఒక చిన్న కండరం ఉంది. దాని పేరు ఎవరికీ తెలీదు, అది లేకపోతే మనకు గడవదు.

ఈ బిగింపు వల్ల లాభం ఏమంటే, నిటారుగా నిలబడినప్పుడు శరీరం బరువు గీత మోకాలికి కొంచెం ముందుగా పడుతుంది, కీలు వెనక్కి వంగకుండా వెనక ఉన్న లిగమెంట్లు ఆపుతాయి, తొడ కండరానికి దాదాపు పనే ఉండదు. రేషన్ షాపు క్యూలో నిలబడినప్పుడు చిప్ప పట్టుకుని చూడండి, వదులుగానే ఉంటుంది. అందుకే మనం గంటసేపు నిలబడగలం. బళ్ళో పిల్లలు ప్రేయర్‌లో నిలబడ్డవాడి వెనక చేరి మోకాలి మడతలో ఒక్క పోటు పొడిచి పడేస్తారు చూడండి, వాడి తొడ కండరం ఆ క్షణాన డ్యూటీలో లేదు, అంతే.

ఇంక ఏసీఎల్. పడుచు వయసువాళ్ళ ఏసీఎల్‌ను ల్యాబులో లాగి చూస్తే తెగడానికి దాదాపు 2160 న్యూటన్లు, అంటే సుమారు 220 కిలోల లాగుడు పట్టింది. అంత గట్టిది 60 కిలోల కబడ్డీ పిల్లోడికి ఎవరూ తాకకుండానే ఎట్లా తెగుతుంది? చాలావరకు అట్లాగే తెగుతుంది, రైడుకు పోయి ఒక్కసారి ఆగి దిశ మార్చినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో. అప్పుడు మోకాలు దాదాపు నిటారుగా ఉంటుంది, లోపలికి వాలుతుంది, పాదం నేలకు అతుక్కుని పైన ఒళ్ళు తిరుగుతుంది. దానికి తోడు తొడ ముందు కండరం శక్తంతా పెట్టి టిబియాను ముందుకు లాగుతుంది. ఇన్ని ఒకేసారి వచ్చి ఆ దారం మీద పడతాయి. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలు టిబియాను వెనక్కి లాగి పట్టుకుంటాయి, ఏసీఎల్‌కు అవి అన్నదమ్ములు. మన పిల్లలు గుంజీలు తీస్తారు, పరుగెత్తుతారు, వెనక కండరాల సంగతి పట్టించుకోరు. పీఈటీ సార్లు ఉన్నారు కదా ఇక్కడ, మీకు ఒక్క మాట: ఆర్డీటీ స్టేడియంలో ఫుట్‌బాల్, హాకీ ఆడే ఆడపిల్లలకు ఈ దెబ్బ మగపిల్లలకన్నా ఎక్కువగా తగిలే అవకాశం ఉంది, కాబట్టి ఎగిరి దిగేటప్పుడు మోకాలు వంచి, లోపలికి వాలకుండా దిగడం నేర్పండి. ఫిఫా 11+ అని 20 నిమిషాల వార్మప్ ఉంది, సామాన్లు ఏమీ అక్కర్లేదు, గ్రౌండు ఉంటే చాలు.

తెగినప్పుడు లోపల 'టప్' మని తెలుస్తుంది, రెండు మూడు గంటల్లో మోకాలు ఉబ్బుతుంది, ఆ ఉబ్బులో ఎక్కువగా రక్తమే. ఒక రాత్రి గడిచాక నెమ్మదిగా వచ్చే వాపు వేరు. మన దగ్గర చాలామంది నేరుగా పుత్తూరు కట్టుకు పోతారు. ఎముక విరిగిన సంగతి నేను ఇప్పుడు మాట్లాడను. ఏసీఎల్ మాత్రం కీలు నీటి మధ్య ఉంటుంది, తెగిన రెండు కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు, కాబట్టి మామూలుగా ఏ కట్టూ దాన్ని అతికించలేదు. ఆరు వారాలు కదలకుండా పెడితే తొడ మాత్రం బాగా సన్నబడుతుంది. ఆపరేషన్ చేయించుకున్నా 9 నెలలు రాకముందు కోర్టులోకి దిగొద్దు, నాయనా. టోర్నమెంటు మళ్ళీ వస్తుంది.

మెనిస్కస్ దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇది. ఎముకల మధ్య లోపలిపక్క ఒకటి, బయటిపక్క ఒకటి, అర్ధచంద్రాకారంలో రెండు మెత్తటి బద్దలున్నాయి. బయటి అంచు మందం, లోపలికి పోయేకొద్దీ పలచన. ఘాట్ రోడ్డులో లారీ ఆగిపోతే క్లీనర్ దూకి చక్రం కింద రాయి పెడతాడు కదా, సరిగ్గా ఆ ఆకారం, కొంతవరకు ఆ పనే. గుండ్రటి ఎముక పక్కకు దొర్లకుండా ఆపడం ఒకటి, బరువును ఎక్కువ మేర పరచడం ఇంకొకటి. కాలు చాపినప్పుడు కీలు మీది బరువులో సగం దాకా ఈ బద్దల మీదనే పోతుంది, 90 డిగ్రీలు ముడిచేసరికి 85 శాతం దాకా. ఏసీఎల్ తెగి పట్టించుకోకుండా తిరిగేవాళ్ళలో లోపలి మెనిస్కస్ వెనక కొస ఈ రాయి పనంతా ఒక్కటే చేసీ చేసీ చివరికి చిరుగుతుంది.

ఇంత పని చేసేదాన్ని 1897లో బ్లాండ్-సటన్ అనే ఇంగ్లీషు సర్జన్ ఎప్పటిదో కండరం మిగిలిపోయిన ముక్క, దీనికి పనేమీ లేదని రాశాడు. దాంతో ఎన్నో ఏళ్ళు చిరిగితే చాలు, మొత్తం పీకేశారు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే ఆయన అట్లా పీకిన మోకాళ్ళ ఎక్స్‌రేలు పరీక్షిస్తే తొడ ఎముక ఉబ్బు చదునవడం, సందు తగ్గడం, అంచున ఎముక పెరగడం కనబడ్డాయి. అప్పటికి కూడా అందరూ వెంటనే మారిపోలేదు. ఇప్పుడు వీలైనంత కుట్టు వేస్తారు. అయితే కుట్టు అన్నిచోట్లా అతకదు, బయటి అంచు వైపు సుమారు మూడో వంతుకే రక్తం అందుతుంది, లోపలి అంచుకు అందదు. లోపలిపక్క బద్ద పక్కన ఉన్న లిగమెంటుకు అతుక్కుని ఉంటుంది, ఎక్కువ కదల్లేదు, అందుకే చిరిగేవాటిలో అదే ఎక్కువ.

ఎమ్మారై రిపోర్టులో "మెనిస్కల్ టియర్" అని చూసి టెన్షన్ పడేవాళ్ళు ఒక సంగతి వినండి. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 50 దాటినవాళ్ళకు, నొప్పి ఉన్నా లేకపోయినా, ఎమ్మారై తీశారు, 2008లో అచ్చయింది. చిరుగు కనబడ్డవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెల రోజుల్లో ఏ నొప్పీ, బిగుసుదనమూ లేదు. కాబట్టి రిపోర్టుకు వైద్యం చేయించుకోకండి, మీ కాలికి చేయించుకోండి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపడానికి రాకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు, చిరిగిన ముక్క మడతపడి అడ్డం పడి ఉండొచ్చు.

చిప్ప. తొడ ముందు నాలుగు కండరాలు కలిసి ఒక నరంలాంటి పట్టీగా కిందికి దిగుతాయి, ఆ పట్టీ లోపల ఈ ఎముక ఇమిడి ఉంది. పట్టీని కీలు నుంచి కొంచెం దూరంగా ఎత్తి పట్టుకోవడం దీని ముఖ్యమైన పని, ఎంత దూరం ఉంటే కండరానికి అంత తక్కువ శ్రమ. దెబ్బ తగిలి చిప్పను పూర్తిగా తీసేసినవాళ్ళు కాలు నిటారుగా చాపాలంటే దాదాపు 30 శాతం ఎక్కువ బలం పెట్టాలి. దాని వెనక ఉన్న కార్టిలేజ్, అంటే మీరు గుజ్జు అనే నునుపు పొర, ఒంట్లోని కార్టిలేజ్‌లన్నిటిలోకీ మందమైంది, ఎందుకంటే ఒత్తిడి అట్లాంటిది. 1972లో వేసిన లెక్క ప్రకారం సమతలంలో నడిస్తే చిప్ప మీద పడేది ఒంటి బరువులో సగమే, మెట్ల మీద 3.3 రెట్లు, మోకాళ్ళు బాగా వంచితే 7.8 రెట్లు. మెట్లు దిగేటప్పుడు చిప్ప దగ్గర పోటు ఎందుకో దీన్ని బట్టి అర్థమవుతుంది. అన్నట్టు, రెండేళ్ళ పాపకు ఎక్స్‌రేలో చిప్ప కనబడలేదని ఒక తల్లి భయపడింది. ఆ వయసులో చిప్ప ఉంటుంది, ఇంకా ఎముకగా మారలేదు, అంతే.

బరువుల లెక్క చెప్పుకుందాం. బెర్లిన్‌లో షారిటే ఆసుపత్రి పరిశోధకులు కృత్రిమ మోకాలిలోనే కొలిచే పరికరం పెట్టి, నడిచే మనిషి లోపలి బరువును బయటికి తెలుసుకున్నారు, 2010లో ఆ లెక్కలు వచ్చాయి. నడిస్తే ఒంటి బరువుకు 2.6 రెట్లు, మెట్లు ఎక్కితే 3.16, దిగితే 3.46. డెబ్బై కిలోల మనిషి మెట్లు దిగేటప్పుడు ప్రతి అడుగులో దాదాపు 242 కిలోలు. అలిపిరి నుంచి కొండకు 3550 మెట్లు ఎక్కి "నడిచే దిగుతాం" అనే పెద్దవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకుని బస్సెక్కండి, స్వామి ఏమీ అనుకోడు.

ఒంటి బరువే కదా పడాలి, రెండున్నర రెట్లు ఎక్కడిది? కండరాలది. కీలు పక్కకు పడిపోకుండా కండరం లాగి పట్టుకోవాలి, అది లాగినప్పుడల్లా రెండు ఎముకలూ ఒకదానికేసి ఒకటి నొక్కుకుంటాయి. ఒంటికాలి మీద ఊరికే నిలబడినా 2.59 రెట్లు. కాబట్టి పైన ఒక కిలో తగ్గితే కింద ఒక్క కిలో తగ్గడం కాదు. బరువు ఎక్కువున్న పెద్దవాళ్ళ మీద అమెరికాలో చేసిన లెక్కలో, 2005లో వచ్చింది, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల బరువు తగ్గింది. అయిదు కిలోలు తగ్గండి, రోజుకు ఎన్ని అడుగులు వేస్తారో మీరే లెక్కేసుకోండి.

ఈ బరువు రెండు పక్కలా సమానంగా పడదు. నడిచేటప్పుడు లోపలిపక్కకే ఎక్కువ పోతుంది. మోకాళ్ళు బయటికి వంగి మధ్యలో సందు వచ్చినవాళ్ళకు ఇంకా ఎక్కువ, అందుకే మన ఆడవాళ్ళలో అరుగుదల ముందు లోపలిపక్క మొదలవడం చూస్తుంటాం. దానికి తలకిందులుగా, మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేటట్టు లోపలికి వంగితే బయటిపక్క నలుగుతుంది. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పల్లెల్లో పిల్లలకు అట్లా రావడం మన జిల్లాకు కొత్త కాదు. ఫ్లోరోసిస్ గురించి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మొదటి రిపోర్టు 1937లోనే వచ్చింది. ఎదిగే వయసులో వంగిన ఎముకను వ్యాయామం నిటారు చేయలేదు, అక్కడ నీళ్ళే మార్చాలి, తర్వాత సర్జన్.

అసలైన భయం దగ్గరికి వస్తాను, గుజ్జు. ఎముకల కొసలకు తెల్లగా నునుపుగా అంటుకుని ఉండే పొర కార్టిలేజ్. అందులో రక్తనాళం లేదు, నొప్పి తెలిపే నరమూ లేదు, ముప్పాతిక వంతు దాకా నీళ్ళే. ఎక్స్‌రేలో అది కనబడదు, డాక్టరు చూసేది ఎముకల మధ్య సందును మాత్రమే. రక్తం లేదు కాబట్టి దాని తిండి కీలు లోపలి జిగురు నీటి నుంచి రావాలి. అడుగు పడ్డప్పుడు నొక్కుకుని నీళ్ళు బయటికి పోతాయి, అడుగు లేచినప్పుడు మళ్ళీ లోపలికి వస్తాయి. కదలకపోతే తిండి సరిగ్గా అందదు. 2017లో చాలా పరిశోధనలు కలిపి చూస్తే, సరదాగా పరుగెత్తేవాళ్ళలో తుంటి, మోకాలి అరుగుదల 3.5 శాతం మందికి ఉంది, పరుగెత్తకుండా కూర్చునేవాళ్ళలో 10.2 శాతం. పోటీల్లో పరుగెత్తేవాళ్ళలో 13.3, అది వేరే సంగతి. రేపటి నుంచి అందరూ పరుగెత్తండని నేను అనడం లేదు, కూర్చోవడం మందు కాదని మాత్రం అంటున్నాను.

వాపు వచ్చిన మోకాలికి ఇంకో తిప్పలు ఉంది. లోపల కొంచెం నీరు చేరితే చాలు, తొడ కండరం తనంతట తాను మందగిస్తుంది, మీరు బిగించాలనుకున్నా పూర్తిగా బిగియదు. మెట్ల మీద మోకాలు ఒక్కసారి వదిలేసినట్టు అనిపించేది అట్లాంటప్పుడే. ఆ వాపులో మోకాలు 30 డిగ్రీలు వంచి పెడితే హాయిగా ఉంటుంది, ఎందుకంటే కీలు లోపల ఖాళీ ఆ వంపులోనే ఎక్కువ. అందుకని రాత్రంతా కింద దిండు పెట్టి పడుకుంటారు. దయచేసి పెట్టొద్దు. నెలలు గడిస్తే కాలు అదే వంపులో బిగుసుకుంటుంది, నిటారుగా నిలబడితే కండరానికి వచ్చే ఆ విశ్రాంతి పోతుంది, ఇంక నిలబడ్డంతసేపూ అది పని చేయాల్సిందే. పెట్టాలనుకుంటే మడమ కింద చుట్టిన టవలు పెట్టి, మోకాలిని కిందికి నొక్కండి, అయిదు లెక్కపెట్టి వదలండి. మొదట నేను నేర్పేది అదే.

ఇప్పుడు ప్రశ్నలు.

"మేడం, మా అత్తమ్మ జీవితమంతా చేన్లో గొంతుక్కూర్చుని చెనిక్కాయలు వలిచింది. నేల మీద కూర్చోవడమే తప్పా?"

కూర్చోవడం తప్పు కాదన్నా. గొంతుక్కూర్చుంటే మోకాలు 150 డిగ్రీల దగ్గరదాకా ముడుచుకుంటుంది, తొడ పిక్కకు ఆనితే కొంత బరువు అక్కడ దిగుతుంది కూడా. గంటలకొద్దీ అట్లాగే ఉండడంతో ఇబ్బంది. బీజింగ్‌లో పెద్దవాళ్ళను పరీక్షించి 2004లో చెప్పారు, పడుచు వయసులో రోజుకు గంటలు గంటలు గొంతుక్కూర్చున్నవాళ్ళలో అరుగుదల ఎక్కువ కనబడిందని. అత్తమ్మకు ఎత్తు పీట ఇవ్వండి, అరగంటకొకసారి లేవమనండి. లేచేటప్పుడు పక్కకు మెలిక తిరుగుతూ లేవొద్దని చెప్పండి, లోపలి మెనిస్కస్ చిరిగే దారి అది.

"గుజ్జు పెరిగే మాత్రలు వాడొచ్చా?"

గ్లూకోసమైన్ మాత్రలేగా. అమెరికా ప్రభుత్వ డబ్బుతో 1583 మంది మీద చేసిన పరీక్ష 2006లో వచ్చింది, మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా ఏమీ పని చేయలేదు. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి. నువ్వుల నూనెతో మర్దన చేసుకుంటే ఒంటికి సుఖమే, కాదనను, నూనె కీలు లోపలికి మాత్రం పోదు.

"చేతికర్ర ఏ చేతిలో పట్టుకోవాలి?"

నొప్పి లేని కాలి వైపు చేతిలో, తాతా. మీరు ఇప్పుడు పట్టుకున్నది రాంగ్ సైడ్. నొప్పి కాలితో పాటే కర్ర పడాలి. నడిచేటప్పుడు ఆ కాలికి ఎదుటి చెయ్యే కదా సహజంగా ముందుకొచ్చేది, కర్ర కూడా అదే వరసలో పోతుంది, కొంత బరువు మోకాలి మీద పడకుండా కర్రలోకి దిగుతుంది.

"మా ఇంట్లో బాత్రూమ్ మేడ మీద ఉంది మేడం, రోజూ ఎక్కాల్సిందే."

ఎక్కండమ్మా, రెయిలింగ్ పట్టుకుని. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు వేయండి, నొప్పి కాలిని దాని పక్కకే తెచ్చుకోండి. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు కింది మెట్టు మీద పెట్టండి. ఎందుకంటే దిగేటప్పుడు వంగుతూ ఒళ్ళంతా నెమ్మదిగా కిందికి దించేది పైమెట్టు మీద మిగిలిన కాలు, గుత్తి కోట దిగిన మర్నాడు తొడలు పట్టేసేది ఆ పనికే. ఆ పని మంచి కాలు చేయాలి.